తప్పా ఒకటి, తప్పాలు అనేకం

మా మాస్టారి పేర జరిగే ఈ ఉపన్యాసానికి పిలిచి, నలభై నిమిషాల్లో ముగించమన్నారు. మాస్టారు వింటే నవ్వేవారు. ఆయన ఏనాడూ గంటకు తక్కువ మాట్లాడిన మనిషి కాదు.

1837 తపాలా చట్టం, 1854 అక్టోబరులో వచ్చిన స్టాంపులు, దూరంతో పని లేని అర్ధణా ఉత్తరం, ఇవన్నీ మీకు తెలిసినవే. నాకు కావలసింది వాటి నీడన నడిచిన జిల్లా టపా. ఈస్టిండియా కంపెనీ టపా పెద్ద పట్నాలను కలిపింది. కలెక్టరు కచేరీ నుంచి తాలూకాలకూ ఠాణాలకూ కాగితాలు మోసింది జిల్లా టపాయే. ఊళ్లవాళ్ల ఉత్తరాలూ ఆ సంచిలోనే ఎక్కాయి. బల్లేనికి గజ్జెలు కట్టుకుని, టపా మోస్తూ పరుగెత్తే హర్కారాను బొమ్మల్లో చూసే ఉంటారు. ఆ గజ్జెలు సింగారానికి కావు. పురుగూ పుట్రా తప్పుకోవాలి, ముందు మజిలీలో కునుకు తీసేవాడు లేచి నడుం కట్టుకోవాలి. మన నల్లరేగడిలో వానాకాలం ఆ పరుగెలా సాగేదో, బెజవాడలో బెంజి సర్కిల్ రాకముందు పటమట పొలాల్లో నడిచిన పెద్దలకు నేను చెప్పక్కర్లేదు. అడుగు తీస్తే కాలికి వీశెడు మట్టి.

ఇక్కడ కాస్త దారి తప్పుతాను, క్షమించాలి. ‘తపాలా’ అన్న మాట ఎక్కడిది? మజిలీ అని అర్థమిచ్చే ఫ్రెంచి మాట ‘ఎటాప్’ నుంచి వచ్చిందేమోనని సి.పి. బ్రౌను ఊహించాడు. బందరు మిత్రులు కొందరికి ఇది ప్రాణం. 1750ల్లో బందరు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉందిగా, ఇంకేం కావాలంటారు! అయ్యా, పదేళ్లయినా నిలవని ఆ ఏలుబడి పుణె నుంచి మైసూరు దాకా ఒక మాటను పంచిపెట్టిందా? మరాఠీలో ‘టప్పా’ అంటే మజిలీయే, ఒక మనిషి ఒక విడత పరుగెత్తే దూరం. ‘టపాల్’ కూడా వాళ్ల నోట ఉన్నదే. ఇంటి వాకిట్లో మాట ఉండగా ఓడ రేవుకెళ్లి వెతకడం దేనికి? బ్రౌనుదే ఇంకో సంగతి ఉంది. మన తెలుగు గుమాస్తాలు ‘తప్పాలు’ బహువచనమనుకుని ‘తప్పా’ అని ఏకవచనం చేశారట. ఆయన దాన్ని పొరపాటుగా చూశాడు. నేననేది, తెలియకుండానే గుమాస్తాలు అసలు మాటనే పట్టుకున్నారని. ఈ వాదన మీద బందరు మిత్రులతో కాఫీలు చాలా చల్లారాయి.

మళ్లీ దారికొస్తే, జిల్లా టపా 1906కల్లా పూర్తిగా తపాలా శాఖలో కలిసిపోయింది. చిన్న ఊళ్లో పూర్తి జీతగాణ్ని పెడితే గిట్టదు కనుక, బడిపంతులికో కొట్టతనికో కొద్దిపాటి ప్రతిఫలమిచ్చి పోస్టుమాస్టరును చేశారు. పంతులైతే ఉత్తరం చేతికిస్తే సరిపోదు. చదివి పెట్టాలి, జవాబు రాసి పెట్టాలి. పల్లె పోస్టాఫీసు నిలబడింది ఈ లెక్కలోకి రాని చాకిరీ మీద.

1879లో కానీ కార్డు, 1880లో మనియార్డరు, 1882లో సేవింగ్స్ బ్యాంకు. వీటికి ఒక్కోదానికి ఒక్కో ఉపన్యాసం కావాలి. బెజవాడ ప్రచురణకర్తల వీపీపీల కథ సరేసరి. కానీ సభాధ్యక్షులవారు సమయం మించిందని చీటీ పంపారు.

సరే, పరుగెత్తుతాను. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్. 2013 జూలైలో టెలిగ్రాం ఆగింది. 2018లో పోస్టాఫీసులోనే పేమెంట్స్ బ్యాంకు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు వెళ్లి స్పీడ్ పోస్టులో కలిసింది. మొన్న ఒక పల్లె బ్రాంచి పోస్టాఫీసులో చూశాను. నాట్లు వేసి అరిగిన ఒక అవ్వ బొటనవేలి ముద్ర యంత్రం మీద మూడుసార్లు పడలేదు. డాక్ సేవక్ తడిగుడ్డతో ఆ అవ్వ వేలు తుడిచి, తన చేత్తో పట్టుకుని నొక్కించాడు. నాలుగోసారికి పడింది. పంతులు ఉత్తరం చదివి పెట్టడమే గుర్తొచ్చింది నాకు.

చివరగా ఒక మనవి. మీ అటకల మీద పాత కార్డులూ, మనియార్డరు కూపన్లూ, తీగకు గుచ్చిన ఉత్తరాలూ ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. కబురు చేస్తే నేనే వచ్చి, రశీదు రాసిచ్చి తీసుకుంటాను.