రాజమండ్రి వకీలు, మద్రాసు కొలువు



తెలంగాణ కోసం కొట్లాడి, 2014 జూన్ 2న సాధించుకున్నోళ్లం మనం. మనకు రాజమండ్రి వకీలు న్యాపతి సుబ్బారావు పంతులు ముచ్చట ఎందుకని కొందరు అడగొచ్చు. వేరు రాష్ట్రం కావాలన్న మాట తెలుగు నేల మీద మనకంటే ముందు ఆంధ్ర నాయకులే అన్నారు. మనల్ని వేర్పాటువాదులని తిట్టినవాళ్లు తమ తాతల మాటలు మరిచిపోయారు. మనం గుర్తు చేద్దాం.

పంతులు 1856లో నెల్లూరులో పుట్టారు. మద్రాసులో చదువుకునే రోజుల్లోనే, 1878లో, 'ది హిందూ' పత్రిక మొదలుపెట్టిన ఆరుగురిలో ఒకరు. రూపాయి పన్నెండణాల అప్పుతో ఎనభై ప్రతులు అచ్చేశారు. తర్వాత రాజమండ్రి వచ్చి వకీలు వృత్తి పట్టారు. వీరేశలింగం సంపాదకుడుగా నడిచిన 'చింతామణి' పత్రిక వెనుక ఉన్నది ఈయనే. చిలకమర్తి వంటివాళ్లను నవలాకారులను చేసిన పోటీలు ఆ పత్రికవే.

1890లలో మద్రాసు శాసనసభకు వెళ్లారు. ఏం సభ అది! 1892 చట్టం ప్రకారం ప్రశ్న వేయొచ్చు, అనుబంధ ప్రశ్న వేయరాదు. బడ్జెట్ మీద మాట్లాడొచ్చు, ఓటు వేయరాదు. గోదావరి మీద రైలు వంతెన 1900లో గానీ తెరుచుకోలేదు. అంత దూరం పోయి అడిగి రావడమే తప్ప, తేల్చే అధికారం సభ్యుడికి లేదు. తర్వాత ఇంపీరియల్ కౌన్సిల్లోనూ కూర్చున్నారు.

ఇంతలో యువకులు కదిలారు. మద్రాసు సర్కారు కొలువుల్లో తెలుగువాళ్ల వాటా ఎంతని లెక్కలు తీశారు. ఉద్యోగ మిత్రులకు ఈ లెక్క కొత్తది కాదు, 610 జీవో నాడు మనం తీసిందీ ఇదే. 1912లో నిడదవోలు సభలో (ఆ ఊరు అప్పుడు కృష్ణా జిల్లాలోది) మాట బయటికొచ్చింది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడ రాష్ట్ర తీర్మానం ఇప్పుడే వద్దని వెనక్కి లాగిన పెద్దల్లో పంతులు కూడా ఉన్నారు. దాచాల్సిన పని లేదు. చట్టసభల్లో తిరిగినవాళ్లకు తొందర తక్కువ. మనమూ అలాంటి పెద్దలను చూశాం, వాళ్ల ఇళ్ల ముందు కూర్చున్నాం కూడా.

కానీ ఏడాది తిరిగేసరికి, 1914లో, బెజవాడ సభకు ఆయనే అధ్యక్షుడు. ఆ సభే ప్రత్యేక రాష్ట్ర తీర్మానాన్ని ఆమోదించింది. మధ్యలో జరిగిందేమిటి? ఉద్యమకారులు జిల్లా జిల్లా తిరిగి జనాన్ని కూడగట్టారు. పెద్దమనుషులను తిట్టి వదిలేయలేదు, ఒప్పించి ముందు నిలబెట్టారు.

తెల్లదొరలు అడిగింది ఇవ్వలేదు. అయితే 1918లో కాంగ్రెస్ పార్టీ ఆంధ్రకు వేరే కమిటీ వేసుకుంది. దానికి పంతులు అధ్యక్షుడు, కొండా వెంకటప్పయ్య కార్యదర్శి. పంతులు 1941లో పోయారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబర్ 1న.