పిల్లల చెయ్యి పట్టుకుని అడవిలోకి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతతో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఆదివాసీల హక్కుల మీద ఐక్యరాజ్య సమితి కార్యవర్గం మొదటిసారి సమావేశమైన రోజు ఆగస్టు 9. అందుకే ఈ రోజును మనం పండుగలా జరుపుకుంటున్నాం. కొమ్ములు, డోళ్లు, రేలా ఆటలు అన్నీ ఉండాలి. వాటితోపాటు డప్పు చప్పుడు లేకుండా జరగాల్సిన పని ఇంకొకటి ఉంది. మన ఇంటి పిల్లల్ని వెంటబెట్టుకుని అడవిలో నడవాలి. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

మన పిల్లలు చిన్న వయసులోనే ఆశ్రమ పాఠశాలకు పోతున్నారు. చదువు కావాలి, అందులో రెండో మాట లేదు. కాని ఇప్ప పువ్వు రాలే రోజుల్లో వాళ్లకు పరీక్షలు. ఉసిరికాయ కోసే రోజుల్లో హాస్టల్లో ఉంటారు. పోలవరం ముంపు ఊళ్లు ఖాళీ చేసి కాలనీలకు వచ్చిన కుటుంబాల పిల్లలకైతే ఒకప్పుడు గుమ్మం ముందున్న అడవి ఇప్పుడు బండెక్కి పోవాల్సిన చోటు. అవ్వకు తెలిసినదంతా అవ్వ దగ్గరే ఉండిపోతోంది. అవ్వకూ పిల్లలకూ మధ్య ఉన్నది మీరే. మీరు నడిపిస్తేనే వాళ్లు నడుస్తారు.

ఏడాదికి మూడు నడకలు చాలు.

మొదటిది ఎండాకాలం మొదట్లో, ఇప్ప చెట్టు కిందికి. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఒక పువ్వు పిల్లల చేతిలో పెట్టి వాసన చూడమనండి. తర్వాత తలెత్తి కొమ్మను చూపించండి. కింద రాలింది తియ్యటి, కండగల భాగం. పిందె కట్టే భాగం కొమ్మకే ఉండిపోతుంది. అందుకే రాలిన పువ్వు ఎంత ఏరుకున్నా కాయ తగ్గదు. వానలు మొదలయ్యేసరికి ఆ కాయలోని గింజే నూనె అవుతుంది. రాత్రి ఆ పూల దగ్గరికి వచ్చే గబ్బిలాలే కాయ కట్టడానికి సాయం చేస్తాయని కూడా చెప్పండి. గబ్బిలాన్ని రాయి పెట్టి కొట్టే పిల్లవాడు ఆ మాట విన్నాక చెయ్యి దించుతాడు. ఇదే పువ్వు కోసం ఎలుగుబంటి కూడా వస్తుంది. కాబట్టి చీకట్లో పోవద్దు, ఒంటరిగా పోవద్దు. వెలుగు వచ్చాక నలుగురూ కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ పోండి. పువ్వు ఏరడం సులువవుతుందని చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ మంటలో ఇప్ప మొలకలు కాలిపోతాయి. పాత చెట్టు పడిపోయిన రోజున దాని చోట నిలబడే చెట్టు ఉండదు. పిల్లల చేతికి చీపురు ఇచ్చి ఊడ్పించండి.

రెండోది తొలకరి నడక. తడి నేల మీద ఎర్రటి ఆరుద్ర పురుగు కనిపిస్తే దాని కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి. పురుగు అంటాం గాని అది సాలీడుకు చుట్టం. ఈ ఒక్క లెక్కతో బడిలో చదివిన పాఠం, ఇంటి దగ్గర చూసిన నేల ఒక్కచోట కలుస్తాయి. పుట్టల దగ్గర కొక్కులు కనిపిస్తే మాత్రం అవ్వ గుర్తుపట్టనిది ఏదీ ముట్టనివ్వకండి. ఉరుములు వినిపిస్తే ఇంటికి తిరగండి. పొంగిన వాగు దాటొద్దు.

మూడోది చలికాలంలో. ఉసిరి చెట్టు, విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగ, అడవి గడ్డలు చూపించండి. గడ్డ తవ్వాక తీగ ఉన్న తల భాగాన్ని మళ్లీ మట్టిలో పెట్టడం మన పెద్దల అలవాటు. అది పిల్లల చేత్తోనే పెట్టించండి. వచ్చే ఏడాది అదే చోటికి తీసుకెళ్లి తీగ చూపించండి. మామిడి కొత్త పండుగ చేయకముందే కాయ కోయకూడదని పెద్దలు ఎందుకు అన్నారో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

ఏ నడకలోనైనా పిల్లల్ని ముందు నడవనివ్వండి. తొందరపెట్టకండి. ప్రతి చెట్టు దగ్గరా మూడు ప్రశ్నలు చాలు. దీన్ని మన భాషలో ఏమంటారు? దీన్ని ఎవరెవరు తింటారు? మనం ఎంత తీసుకోవాలి, ఎంత వదలాలి? మొదటి ప్రశ్న ముఖ్యం. తెలుగులో ఏరు అంటే పారే వాగు. మన కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. ఇలాంటి మాట వాగు ఒడ్డున విన్న పిల్లలు మరిచిపోరు.

ఇప్పుడు హక్కు సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. జీవవైవిధ్యానికి సంబంధించిన మన సంప్రదాయ విజ్ఞానం మీద సామూహిక హక్కునూ గుర్తించింది. ఆ చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వ నియమం చదవండి. సామూహిక హక్కుకు ఏవి సాక్ష్యమో అందులో ఉంది. గడ్డలు, అడవి పండ్లు సేకరించే చోట్లు, పశువులు మేసే చోట్లు, నీటి వనరులు, మందు మొక్కలు తెచ్చుకునే ప్రాంతాలు, పూజించే చెట్లు, శ్మశానాలు ఇవన్నీ సాక్ష్యాలే. పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అదీ సాక్ష్యమే. మరి ఆ చోట్లు ఎక్కడున్నాయో చూపించగలిగేవాళ్లు రేపు ఊళ్లో ఎవరుంటారు? పేరు తెలియని చెట్టు మీద, దారి తెలియని ఊట మీద మనది అని గ్రామసభలో నిలబడి చెప్పడం కష్టం. ఇవాళ అవ్వ వెనకాల నడిచిన ఎనిమిదేళ్ల పాప రేపు ఆ గ్రామసభలో మాట్లాడాలి.

మీ అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. అవ్వను అడిగి, ఆమె ఒప్పుకుంటే ఆమె గొంతు రికార్డు చేయండి. పిల్లల చేత ఒక నోటు పుస్తకంలో చెట్టు పేరు, చోటు, నెల రాయించండి, ఆకు బొమ్మ వేయించండి. కాని మందు మొక్క ఉన్న చోటును, దాని వాడకాన్ని సోషల్ మీడియాలో పెట్టకండి. అది ఊరి సొత్తు. ఎవరికి చెప్పాలో ఊరే నిర్ణయించాలి.

కాలనీల్లో, పట్నాల్లో ఉన్నవాళ్లు అడవి దూరమని ఆగిపోవద్దు. రోడ్డు పక్క చింత, చెరువు గట్టు మీది ఈత, నేరేడు ఉన్నాయి కదా. ఆదివారం పొద్దున ఒక గంట వాటితో మొదలుపెట్టండి. సెలవులకు ఊరు పోయినప్పుడు మిగతాది చూపించండి.

వచ్చే ఏడాది ఈ సభకు మీ ఇంటి పిల్లల్ని, వాళ్లు రాసిన నోటు పుస్తకాన్ని తీసుకురండి. వేదిక మీద మా పెద్దవాళ్ల మాటలు కొంచెం తగ్గించుకుని వాళ్ల చేత చదివిద్దాం.