సమాధి చోటు కూడా సాక్ష్యమే

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ ఆచార్యులు శాసనం చదవబోయే ముందు, ఆ రాయి మొదట ఎక్కడ ఉండేదని అడిగేవారు. చోటు తప్పిన శాసనం సగం సాక్ష్యమేనన్నది ఆయన పట్టు. ఆయన గురించి ఇంతకు మించిన ప్రశంస నాకు తోచదు. ఆ పట్టునే రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన బాంబర్ విమానాల సిబ్బంది సమాధులకు వర్తింపజేసి, ఏళ్లుగా నేను చేస్తున్న వాదాన్ని మీ ముందుంచుతాను.

తెలిసిన సంగతులు క్లుప్తంగా చెబుతాను. 1917లో ఏర్పడిన బ్రిటిష్ సామ్రాజ్య యుద్ధ సమాధుల కమిషన్, ఆ మరుసటి ఏడు ఫ్రెడరిక్ కెన్యన్ ఇచ్చిన నివేదిక, హోదా భేదం లేకుండా అందరికీ ఒకే తీరు రాయి, మృతదేహాలను స్వదేశానికి తరలించకూడదన్న నియమం, దానిపై 1920లో పార్లమెంటులో సాగిన చర్చ: వీటి మీద పుస్తకాలకు కొదవ లేదు. రెండో యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ కమాండ్ పోగొట్టుకున్నది 55,573 మందిని.

నా పేచీ ఒక్క విషయంలోనే. ఫ్రాన్స్, డెన్మార్క్, నెదర్లాండ్స్‌లలో ఈ సిబ్బందిలో చాలామంది ఇప్పటికీ పల్లె చర్చి ఆవరణల్లో, ఊరి శ్మశానాల్లో ఉన్నారు. జర్మనీలో కూలినవారిని మాత్రం ఊళ్ల నుంచి తీసి పెద్ద యుద్ధ శ్మశానాలకు చేర్చారు. 1944 మే 3 రాత్రి ఫ్రాన్స్‌లోని మాయీ-ల-కాం సైనిక శిబిరంపై జరిగిన దాడిలో 42 లాంకాస్టర్ బాంబర్లు పోయాయి. సమాధులున్న చుట్టుపక్కల పల్లెలను పటం మీద గుర్తుపెడితే, ఆ రాత్రి బాంబర్లు ఎక్కడెక్కడ కూలాయో కళ్లకు కడుతుంది. అంతకు ఐదు వారాల ముందు న్యూరెంబర్గ్ దాడిలో 95 విమానాలు పోయాయి. జర్మన్ గడ్డపై పడిన ఆ సిబ్బంది రైన్‌బెర్గ్, హానోవర్, డుర్న్‌బాఖ్ వంటి శ్మశానాల్లో వరుసల్లో ఉన్నారు. ఆ వరుసలు చూసి ఆ రాత్రి కథ ఎవరూ చెప్పలేరు.

జర్మనీలో సమాధులను ఎందుకు తరలించారంటే మూడు సమాధానాలు వినిపిస్తాయి. మొదటిది, తవ్వితేనే పేర్లు తేలాయని. నిజమే, ఆచూకీ లేని వైమానికుల కోసం తిరిగిన బ్రిటిష్ పరిశోధన బృందాలు బట్టల మీది గుర్తులను కూడా వదలకుండా పట్టి ఎన్నో పేర్లు తేల్చాయి. కానీ ఫ్రాన్స్‌లోనూ తవ్వి, పరీక్షించి, అవే ఊళ్లలో తిరిగి పూడ్చిన సందర్భాలున్నాయి. గుర్తింపుకు తవ్వకం కావాలి గానీ తరలింపు అక్కర్లేదు. రెండోది, బాంబులు తిన్న జనం మధ్య ఆ సమాధులు ఉంచలేమని. ఫ్రాన్స్‌లో కూడా మిత్రరాజ్యాల బాంబులకు 50 వేలకు పైగా పౌరులు చనిపోయారు, అయినా ఊళ్లు ఆ సమాధులను కాపాడుకున్నాయి. ఫ్రెంచివారికి వాళ్లు విముక్తి కోసం వచ్చినవారు, జర్మన్లకు శత్రువులు అన్న తేడా ఉంది, ఒప్పుకుంటాను. అది ఆనాడు తరలించడానికి కారణమైతే కావచ్చు, మొదటి చోటు గురించి తరువాతి మౌనానికి కారణం కాజాలదు. మూడోదైన సంరక్షణ వాదమే అన్నిటికన్నా బలమైనది. ఓడిపోయి చితికిన దేశంలో, ఎన్నో ఊళ్లలో చెదిరి ఉన్న సమాధులకు శాశ్వత రక్షణ హామీ ఇవ్వడం ఆనాడు కష్టమే. అందుకే నా అభ్యంతరం తరలింపు మీద కాదు, మొదటి చోటును రాయి మీద చెప్పకపోవడం మీద. ఆ చోటు వివరం కమిషన్ తరలింపు పత్రాల్లో దొరుకుతుంది, సమాధి ముందు నిలబడ్డ బంధువుకు దొరకదు. కుటుంబం కోరిన వాక్యానికి చోటిచ్చిన రాయి మీద ఒక ఊరి పేరుకు చోటు కరువా?

ఈ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. శాశ్వత సంరక్షణకు హామీ లేదన్న ఇదే కారణంతో దక్షిణ, తూర్పు భారతంలోని ఎన్నో పౌర, కంటోన్మెంట్ శ్మశానాల నుంచి సమాధులు తరలించి 1952లో మద్రాసు యుద్ధ శ్మశానాన్ని ఏర్పాటు చేశారు. అక్కడ 850కి పైగా సమాధులున్నాయి. వాటిలో తెలుగు నేల నుంచి వెళ్లినవి ఏవో తేల్చడానికి కోస్తా చర్చిల, పాత కంటోన్మెంట్ల ఖనన రిజిస్టర్లకు నకళ్లు తీసే పని నేనిప్పుడు చేపట్టాను. చెదలు పట్టకముందే ఆ రిజిస్టర్లు తెరవాలి. మీ ఊరి చర్చిలో అలాంటిది ఉంటే దాన్ని చదవనివ్వండి, నకలు తీయనివ్వండి. ఆచార్యుల పేరిట మనం చేయగల పనుల్లో దీనికన్నా తగినది మరొకటి లేదు.