మోకాటి మృదులాస్థి – కొలతకు తగిన చికిత్స
(మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యావ్యాప్తినిగూర్చియు సంఘాభివృద్ధినిగూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట, మోకాటినిగూర్చి ముచ్చటించుటకు మేము లేచి నిలుచుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని కుటుంబమును పోషించువాడు 45వ యేట కుంటుచు ఇంట కూర్చున్నయెడల, ఆ యింటి పిల్లల చదువేమగును? ఇల్లాలే మెట్టు దిగలేనిదైనచో ఆ సంసార మెట్లు సాగును? కావున ఇదియు సంఘవిషయమే యని మా తలంపు.

మోకాటికీలునందు తొడయెముక చివరను, క్రిందియెముక పైభాగమును, చిప్ప లోపలివైపును ఒక తెల్లని నున్నని పొర కప్పియుండును. దీనిని మృదులాస్థి యందురు. దీని మందము కొలది మిల్లీమీటర్లు మాత్రమే. ఎముకలు ఒరసికొనక జారుటకు నిదియే యాధారము. ఇంతటి యుపకారికి ఒక లోపము గలదు. దీనిలో రక్తనాళములు లేవు, నరములును లేవు. రక్తము లేమిచే గాయము మానుట దుర్లభము. నరములు లేమిచే తొలుత గాయమైనట్లే తెలియకపోవచ్చును. చెడిన మృదులాస్థి మరల బాగుపడదని 1743లోనే విలియం హంటరను వైద్యుడు లండనునందలి రాయల్ సొసైటీవారికి నివేదించెను. ఆ మాట నేటికిని చాలవరకు సత్యమే.

జారిపడుటచేతనో, ఆటలయందు కాలు మెలిపడుటచేతనో ఈ పొరలో ఒకచోట రూపాయిబిళ్లయంత గుంట పడవచ్చును. తక్కిన కీలంతయు చక్కగనే యుండును. వృద్ధాప్యమున కీలంతయు అరుగుట వేరు. ఈ గుంట వేరు. ఈ భేదమును గ్రహింపక, రెంటికిని “వాతము” అని యొకటే పేరుపెట్టి తైలములు రాచుకొనుచు ఏండ్లు గడుపుట మనలో పరిపాటి. ఈలోపల గుంట అంచులు విరిగి, చిన్న గాయము పెద్దదగును.

పిన్నవయస్కులకు కొన్ని చికిత్సలు గలవు. గుంట యడుగున ఎముకకు సన్నని రంధ్రములు పొడిచి, ఊరిన రక్తముచే క్రొత్తపొర కట్టునట్లు చేయు పద్ధతిని అమెరికాయందు రిచర్డ్ స్టెడ్మన్ ప్రచారమునకు దెచ్చెను. అట్లు కట్టిన పొర సహజమైన దానియంత గట్టిది కాదు. స్వీడన్ దేశమున గోటెన్‌బర్గ్ నగరవైద్యులు రోగి మృదులాస్థికణములనే తీసి, పెంచి, మరల గుంటలో నాటు పద్ధతిని 1987లో ఆరంభించి, 23 మంది రోగుల ఫలితములను 1994లో ప్రకటించిరి. ఇట్టి చికిత్సలు వయస్సు మీరినకొలది అంతగా ఫలింపవు.

ఇక కీలునంతను మార్చు శస్త్రచికిత్స వృద్ధులకు వరమువంటిది. నడివయస్సువారి సంగతి యట్లు కాదు. 2017లో లాన్సెట్ పత్రికయందు వెలువడిన బ్రిటను దేశపు లెక్కలనుబట్టి, 70 ఏండ్లు దాటి కీలు మార్పించుకొన్నవారిలో నూటికి సుమారు 5 గురకే మరల మార్పు చేయవలసివచ్చును. 50 దాటిన తొలియేండ్లలోని పురుషులకైనచో నూటికి 35 మందికి జీవితకాలమున ఆ యవస్థ తప్పదు. ఇటు చిన్నవారును గాక, అటు పెద్దవారును గాక, “మరి పదియేండ్లు ఓర్చుకొనుడు” అని పంపబడువారే మనము విచారింపవలసినవారు.

పంటిలో పుచ్చు పడినచో దంతవైద్యుడు గుంటను పూడ్చును, పలువరుసనంతను పెరికివేయడు. ఈ న్యాయముననే స్వీడన్ దేశమున ఎపిసీలరను సాధనము కల్పింపబడి, 2012లో మొట్టమొదట మనుష్యుని మోకాట నమర్చబడెను. వైద్యులు ఎం.ఆర్.ఐ. చిత్రములనుబట్టి గాయమెచ్చట నున్నదో, ఎంత వెడల్పో, ఆ చోట కీలు వంపెట్టిదో కంప్యూటరుపై నిర్ణయింతురు. కంసాలి వేలికొలత గొని ఉంగరము చేసినట్లు, ఆ రోగి కీలువంపునకే సరిపడు బిళ్లను చేయింతురు. అది వెడల్పుతల గల మేకును బోలియుండును. తలభాగము కోబాల్టు, క్రోమియము గలిసిన మిశ్రలోహము, మిగుల నునుపు. ఎముకలో దిగు భాగమునకు టైటేనియమును, ఎముకయందలి ఖనిజమును బోలిన హైడ్రాక్సీ అపటైటును పూయుదురు. ఎముక దానిని క్రమముగా పట్టుకొనును. రంధ్రము తొలుచుటకు దారిచూపు అచ్చును సైతము ఆ రోగి మోకాటికే ప్రత్యేకముగా చేయుదురు.

ఇంత కొలత యేల? బిళ్ల యించుకైన పైకి లేచినచో ఎదుటి మృదులాస్థిని గీచి చెఱచునని గొఱ్ఱెలపై జరిగిన ప్రయోగములలో తేలినది. అందుచే చుట్టునున్న పొరకంటె సుమారు అర మిల్లీమీటరు లోతుగా అమర్చుదురు.

అయినను ఇది సర్వరోగనివారిణి కాదు. కీలంతయు అరిగినవారికిని, ఎదుటి పొరయు చెడినవారికిని, కాలు వంకరను సరిదిద్దుకొననివారికిని, స్నాయువులు తెగి కీలు నిలుకడ తప్పినవారికిని, ఆ లోహములు సరిపడనివారికిని ఇది తగదు. 2012లో పుట్టిన సాధనమునకు ముప్పదియేండ్ల యనుభవము ఉండజాలదు. తొలియేండ్ల ఫలితములు ఆశ కలిగించుచున్నవి. అంతకుమించి చెప్పుట వైద్యధర్మము గాదు. ఇది ప్రతి పట్టణమున దొరకునదియు గాదు.

కావున మా మనవి మూడు మాటలు. మొదటిది: మోకాలు పదేపదే వాచినను, మడచినప్పుడు చటుక్కున పట్టివేసినను వారములు గడుపక ఎముకల వైద్యునికి చూపుడు. దేహభారము తగ్గించుటయు, తొడకండరములకు బలమిచ్చు వ్యాయామమును తొలి చికిత్సలు. రెండవది: శస్త్రచికిత్సకు సమ్మతించుటకు ముందు, “గాయ మొకచోటనేనా, కీలంతయునా? ఎదుటి పొర యెట్లున్నది? కాలు తిన్నగా నున్నదా? ఈ చికిత్స విఫలమైనచో తరువాతి దారి యేది?” అని వైద్యుని అడుగుడు. అడిగినంతమాత్రమున వైద్యునికి అవమానము లేదు. మూడవది పోషకులకు: కీలు పూర్తిగా చెడినవాని శస్త్రచికిత్సకు చందాలిచ్చుట పుణ్యమే. కాని గుంట చిన్నదిగా నున్నప్పుడే బీదవానికి పరీక్ష చేయించుటకు కొంత నిధి కేటాయించినచో, వాడు తన కాళ్లపై నిలిచి తన కుటుంబమును తానే పోషించుకొనును. సంఘము చేయదగిన సాయములలో ఇంతకంటె మేలైనది మాకు తోపదు.