ఒక్క గుండు తుపాకీ: ఎవరికి, ఎందుకు, ఎలాంటిది?
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరు మాట్లాడతాడంటే మళ్ళీ కంభం చెరువు గురించే అనుకుని ఉంటారు. ఈసారి చెరువును వదిలేశాను. ఈ ఏడాదిలో మనవాళ్ళే ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. అర్ధవీడు వైపు సేద్యం చేస్తున్న మిత్రుడు "పందులు చేను మిగల్చడం లేదురా, ఏ తుపాకీ కొనాలి?" అన్నాడు. అమెరికాలో ఉన్న జూనియర్ "అన్నా, సింగిల్ షాట్ రైఫిల్ మంచిదేనా?" అన్నాడు. స్వర్ణోత్సవ నిధితో బడిలో షూటింగ్ నేర్పిద్దామని ప్రతిపాదించిన కమిటీ మిత్రుడు "ఎలాంటివి తేవాలి?" అన్నాడు. ముగ్గురూ అడిగింది తుపాకీ గురించే అయినా చెప్పాల్సిన జవాబులు మూడు.

ముందు యంత్రం సంగతి. తిరునాళ్ళలో బుడగలు కొట్టే తుపాకీ మనందరికీ తెలుసు. గొట్టాన్ని నడుమ దగ్గర మడిచి, గుండు పెట్టి, మళ్ళీ బిగిస్తారు. మందుగుండుతో పేలే ఒంటి గొట్టం తుపాకీ కూడా ఇలాగే కీలు మీద మడుచుకుంటుంది. తేడా ఏమిటంటే, గాలి తుపాకీలో ఆ మడతే స్ప్రింగును బిగిస్తుంది. ఈ పద్ధతిలో కదిలే భాగాలు తక్కువ కాబట్టి చెడిపోయేవీ తక్కువే. మడిచి పట్టుకుంటే లోపల ఖాళీగా ఉందో లేదో పక్కనున్నవాడికీ కనబడుతుంది. రెండో గుండు వెంటనే రాదు కనుక మొదటిదాన్ని చూసుకుని కాలుస్తాం. నేర్చుకునేవాడికి ఇంతకు మించిన గురువు లేదు.

ఇక రైతు మిత్రుడి ప్రశ్న. నంద్యాల, గిద్దలూరు రైలు దారి వెంట ఉన్న అడవుల్లో మనుషుల్ని తిన్న పులి గురించి కెన్నెత్ ఆండర్సన్ రాసిన కథ మనలో చాలామంది చదివారు. ఆ వేట రోజులు పోయాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణలు వేటను నిషేధించాయి. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది. నెమలి మొదటి షెడ్యూల్లో ఉంది. పంట పాడు చేస్తున్న పందిని చంపడానికి సెక్షన్ 11 కింద అనుమతి ఇవ్వవచ్చు. అయితే అది చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు చూపి రాతపూర్వకంగా ఇవ్వాలి. తుపాకీ లైసెన్స్ వేరు, చంపే అనుమతి వేరు. మొదటిది చేతిలో ఉన్నంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు.

లైసెన్స్ విషయంలో కూడా చట్టం రైతును మరచిపోలేదు. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 13 పంట రక్షణకు మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీని ప్రస్తావిస్తుంది. అది చాలదని అధికారి నమ్మితే, లోపల మరలు లేని మరో నున్నటి గొట్టం తుపాకీకి లైసెన్స్ ఇవ్వవచ్చు. అంటే మనవాళ్ళు ఎస్‌బీబీఎల్ అనే 12 బోరు ఒంటి గొట్టం తుపాకీ. ఆ 12 అనే అంకె ఎక్కడిదంటే, ఒక పౌను సీసాన్ని సమానంగా 12 గోళీలు చేస్తే ఒక్కో గోళీ ఎంత లావుంటుందో గొట్టం లోపలి వ్యాసం అంత, సుమారు 18.5 మిల్లీమీటర్లు. దూరం పెరిగేకొద్దీ దాని రవ్వలు చెదిరిపోతాయి. రాత్రిపూట, పక్క చేలో ఇంకో రైతు కాపలా ఉన్నప్పుడు అది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అందుకే మిత్రుడికి తుపాకీ కొనవద్దనే చెప్పాను. నష్టానికి ఫోటోలు తీసి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టమన్నాను, సౌర కంచె వేయమన్నాను. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. కరెంటు స్తంభం నుంచి నేరుగా కంచెకు తీగ లాగవద్దు. 230 వోల్టులు ఆగకుండా ప్రవహిస్తే పట్టుకున్న చెయ్యి వదలదు. ప్రమాణాలకు తగ్గ సౌర కంచె యంత్రం సెకనుకు ఒక్కసారి, సెకనులో నూరో వంతు కూడా ఉండని దెబ్బ కొడుతుంది. దాని శక్తి 5 జౌళ్ళు దాటకూడదు. అది పందిని బెదిరిస్తుంది, మనిషిని బతకనిస్తుంది. తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వచ్చేది మన పక్కింటివాడేనని గుర్తుంచుకుందాం.

అమెరికా తమ్ముడికి: టెక్సాస్‌లో అడవిపందులు అక్కడి జంతువులు కావు, బయటి నుంచి వచ్చి పెరిగినవి. 2019 నుంచి సొంతదారు ఒప్పుకుంటే అతని భూమిలో వాటిని వేటాడటానికి వేట లైసెన్స్ కూడా అక్కర్లేదు. కానీ నువ్వు హెచ్1బీ మీద ఉన్నావు. ఫెడరల్ చట్టం ఆ వీసా వారిని తుపాకీ ఉంచుకోనివ్వదు. ఉన్న కొద్ది మినహాయింపుల్లో చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఒకటి. అంటే పందికి అక్కర్లేని కాగితం నీకు కావాలి! అది తీసుకుని, లాయరును అడిగి, తర్వాతే కొట్టుకు వెళ్ళు. కొనేటప్పుడు గొట్టం బిగించి అటూ ఇటూ ఊపి చూడు. కీలు దగ్గర ఏమాత్రం కదిలినా వద్దను.

చివరగా మన బడి. నాకు ఇష్టమైనది ఇదే. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. అందులోనూ ఒక్కో గుండే పెట్టి కాల్చాలి. మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, గుండు 4.5 మిల్లీమీటర్లు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు, 20 జౌళ్ళు దాటని గాలి తుపాకీకి లైసెన్స్ అక్కర్లేదు. లెక్క చేసి చూడండి: అర గ్రాము గుండు సెకనుకు 280 మీటర్ల వేగంతో వెళితే 19.6 జౌళ్ళు. అంటే బొమ్మ కాదు, కంటికి తగిలితే కన్ను పోతుంది.

పోటీలకు వాడేవి ముందే గాలి నింపుకునే ఖరీదైన రైఫిళ్ళు. మొదటి ఏడాదికి మడత గొట్టం రైఫిల్ చాలు. వేగం ఎక్కువని కొనకండి. ఇసుక సంచి మీద ఆనించి 10 మీటర్ల నుంచి అయిదు గుండ్లు కాల్చండి. అవి ఒక్కచోట పడితే, ఎక్కడ పడినా పర్వాలేదు, సైటు తిప్పి సరిచేయవచ్చు. చెల్లాచెదురుగా పడితే సైటు ఏమీ చేయలేదు. ఎనిమిదో తరగతి పిల్ల భుజానికి ఆనే పొడవు, మోయగల బరువు చూడండి. గుండు పెట్టేటప్పుడు ఒక చెయ్యి గొట్టాన్ని వదలకూడదు. జారితే అది ఎగిరి వేళ్ళు నలుగుతాయి.

రైఫిళ్ళకంటే ముందు మూడు పనులు కావాలి: గుండ్లను ఆపే గోడ, తాళం వేసే బీరువా, శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయుడు. డబ్బు తక్కువైతే రైఫిళ్ళు తగ్గించండి, ఈ మూడింటిలో ఏదీ తగ్గించవద్దు. గోడ లెక్కలు, కొలతలు నేను చూసుకుంటాను. కమిటీ ఈరోజే నిర్ణయం చెప్పాలని నా విన్నపం.

సెలవు.