లింకు తెగినదెక్కడ?

(శాఖా కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



రిజర్వేషన్ కౌంటరు వద్దగాని, తపాలా కార్యాలయపు కిటికీ వద్దగాని "లింకు లేదు" అని చెప్పవలసి వచ్చేది మన ఉద్యోగియే. వరుసలో నిలబడినవారి కోపమంతా అతనిపైననే. సాయంత్రం పైఅధికారి సంజాయిషీ అడిగేదీ అతనినే. లింకు ఎక్కడ తెగినదో అతనికి తెలియదు. తెలుసుకొనే మార్గం మాత్రం ఉన్నది. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను.

ఈథర్నెట్ 1973లో అమెరికాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయంలో పుట్టినది. ఒకే భవనంలోని యంత్రాలను కలపడం నాటి అవసరం. తీగ వెంట నడిచి చూస్తే లోపం దొరికేది. అదే పద్ధతి పట్టణాలను, రాష్ట్రాలను దాటిన పిమ్మట నడిచి చూసే వీలు పోయినది. అందుచేతనే ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 2007లో 802.1ఎజి అనే ప్రమాణాన్ని ఆమోదించినది.

దీని మూలసూత్రం మన సిగ్నల్ సిబ్బందికి కొత్త కాదు. 1872లో విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాల గుండా విద్యుత్తు నిరంతరం ప్రవహిస్తుంటుంది. అది రిలేకు అందకపోయినదా, సిగ్నల్ ఎరుపు పడుతుంది. ఈథర్నెట్‌లోనూ రెండు కొసల యంత్రాలు "ఉన్నాను" అనే చిన్న సందేశాన్ని పరస్పరం పంపుకొంటూనే ఉంటాయి. సెకనుకొకటి చొప్పున ఏర్పాటు చేస్తే, మూడున్నర సెకన్లపాటు ఏదీ రానప్పుడు లింకు పోయినట్లు నమోదవుతుంది. ఒకవైపు మాత్రమే తెగే లోపాలు కూడా ఉన్నవి. అప్పుడు వినబడని కొస తాను పంపే సందేశంలోనే "నాకు అందవలసినది అందడం లేదు" అని గుర్తు పెడుతుంది. పెట్టెమీది పచ్చదీపం ఇదంతా చెప్పలేదు. దానికి పక్కనున్న తీగ సంగతి మాత్రమే తెలుసు.

లోపం ఎక్కడ అన్నది తరువాతి ప్రశ్న. రిజిస్టరు ఉత్తరం ఆచూకీ తీసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. దారిలోని మజిలీలు ఒక్కొక్కటిగా "నాకు చేరినది, ముందుకు పంపినాను" అని జవాబిస్తాయి. మూడవది పలికి నాలుగవది పలకకపోతే, ఆ రెంటి నడుమనో, నాలుగవదానిలోనో వెతకాలి.

అన్నింటికన్నా నాకు ముఖ్యమనిపించేది అంతస్తుల ఏర్పాటు. 0 నుండి 7 వరకు 8 అంతస్తులు. పై అంతస్తు సందేశాలు కిందివారి యంత్రాల గుండా అడ్డులేక సాగిపోతాయి. కిందివారివి వారి సరిహద్దు దాటవు. కాబట్టి లింకు వాడుకొనే శాఖ, దానిని అమ్మిన కంపెనీ, కేబులు నడిపే మరొకరు, ఎవరి తనిఖీ వారు చేసుకోవచ్చు. "మా వైపు అంతా బాగున్నది" అన్న మాట నిజమో కాదో తేల్చవచ్చు.

కొన్నేళ్ల క్రిందట ఒక కార్యాలయంలో రోజూ మధ్యాహ్నం లింకు పోయేది. గుమాస్తాకు మెమో ఇచ్చినారు. కంపెనీవారు పచ్చదీపం చూపించి వెళ్లినారు. మేము తనిఖీ రికార్డు అడిగితే, యంత్రంలో ఆ సదుపాయం ఉండి కూడా ఎవరూ దానిని ఆన్ చేయలేదని తేలినది! మెమో ఉపసంహరింపజేయడానికి నాలుగు నెలలు పట్టినది.

ఈ ఏర్పాటు లోపాన్ని చూపుతుందే గాని బాగుచేయదు. సర్వరు స్తంభించినా దీనికి తెలియదు. సందేశాలు సక్రమంగా నడుస్తూ తెర కదలకపోతే, ఎండలో గొయ్యి తవ్వే కేబులు కార్మికుని నిందించడం కూడా అన్యాయమే. ఇకమీదట సంజాయిషీ అడిగినప్పుడు, ఆ గంటకు సంబంధించిన లింకు రికార్డు ప్రతిని ఇవ్వవలసినదిగా ముందు రాతపూర్వకంగా కోరండి.