కట్ట లోపలి ఇసుక

పట్టాలు అందుకుంటున్న సివిల్ ఇంజినీర్లకు నా అభినందనలు.

ఈరోజు మీకు ఒక కట్ట సంగతి చెప్పాలి. అమెరికాలోని మిషిగన్‌లో టిటబవాసీ నది మీద 1920లలో ఈడెన్‌విల్ డ్యామ్ కట్టారు. దాని వెనుక నిలిచిన నీరే విక్సమ్ సరస్సు. పెద్ద వరదొస్తే స్పిల్‌వే చాలదని ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. 2018లో జలవిద్యుత్ లైసెన్సు కూడా రద్దు చేశారు. 2020 మే 19న కట్ట తెగింది. దిగువన ఉన్న శాన్‌ఫర్డ్ డ్యామ్ కూడా నిలవలేదు. సుమారు పదివేల మంది ఇళ్లు వదిలి వెళ్లారు.

కానీ ఆ సాయంత్రం నీళ్లు కట్ట మీదుగా పొర్లనే లేదు. స్థానికుడొకరు తీసిన వీడియో ఉంది, తప్పక చూడండి. గడ్డి మొలిచిన దిగువ వాలు ఉన్నట్టుండి జారుతుంది. క్షణాల్లో కట్ట కుంగుతుంది, ఆ వెనకే నీళ్లు. దీన్ని స్టాటిక్ లిక్విఫాక్షన్ అంటారని మీకు తెలుసు. నీటితో నిండిన వదులు ఇసుక బరువు ఆపలేక ద్రవంలా పారిపోవడం. కట్టినప్పుడు కొన్నిచోట్ల ఇసుకను సరిగా దిమ్మిస చేయలేదని 2022లో నిపుణుల బృందం తేల్చింది. అందరి కళ్లూ స్పిల్‌వే మీదే ఉన్నాయి, కట్ట లోపల ఏముందో పట్టించుకోలేదు.

సరస్సు ఖాళీ అయింది. పడవలు కట్టుకునే చెక్కబల్లలు బురదనేల మీద మిగిలాయి. ఎప్పుడో నరికిన చెట్ల మొదళ్లు బయటపడ్డాయి. తర్వాత అక్కడ విల్లో, కాటన్‌వుడ్ మొక్కలు దట్టంగా లేచాయి, నది తన పాత దారి పట్టింది. ఆ పచ్చదనం చూసి మురిసిపోలేను. గట్టున ఇల్లు కట్టుకున్నవాళ్ల మీదే ఇప్పుడు డ్యామ్ పునర్నిర్మాణ ఖర్చులో వాటా పడింది.

మన దగ్గరా కట్ట తెగింది: చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట 2021 నవంబరులో వరదకు కొట్టుకుపోయింది. అక్కడి కారణాలు వేరు. ప్రాణాలు పోయాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది.

రేపు మీలో కొందరు కట్టల మీద పనిచేస్తారు. రోలర్ తిరగని పొరకు కాంపాక్షన్ పరీక్ష జరిగినట్టు రాసిన కాగితం మీ ముందుకొస్తుంది. కాంట్రాక్టరు తొందరపెట్టినా, పైఅధికారి కసురుకున్నా, దాని మీద సంతకం పెట్టకండి.